పది సెకన్ల తేడా

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో, అంటే నా పాతికేళ్ళ వయసులో, లోకంలో నేను సరిచేయలేని తప్పు ఉంటుందని నాకు తెలియదు. నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రైల్వేలో పనిచేసే మేనమామ పాత టైంటేబుల్ పుస్తకాలు ఇంట్లో పడేస్తే, ఏ బండి ఏ బండిని ఎక్కడ దాటుతుందో నాకు నేనే కూడుకుంటూ, తీసేసుకుంటూ పెరిగాను. దాంతో కంటపడినదల్లా కొలిచే జబ్బు పట్టుకుంది. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్ళి, అద్దె గది చూసిన మొదటి రోజునే దానికి ముప్పైనాలుగు మెట్లున్నాయని లెక్కపెట్టాను. (కిటికీ ఉందో లేదో చూసుకోలేదు. ఉంది, చిన్నది.)

ఆ గదిలో నాతోపాటు హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన సహవిద్యార్థి ఉండేవాడు. అందరికీ అతను భాయ్. కింద ఇంటివాళ్ళు, భార్యాభర్తలిద్దరే. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊరి డాన్స్ బ్యాండులో ట్రాంబోన్ ఊదేవాడట, అందుకని మాలో మేము ట్రాంబోన్ తాత అనుకునేవాళ్ళం. ఆవిడను మాత్రం అందరిలాగే ఓమా అని పిలిచేవాళ్ళం, అంటే మన బామ్మగారన్నట్టు. ఆదివారం మధ్యాహ్నం చప్పుడు చేయకూడని వేళ దాటి మూడు కాగానే కింద నుంచి ఒకే ఒక్క పాట వినిపించేది. పాడేది పాతకాలపు అమెరికా గాయకుడు. వెనకాల ఇరవై మంది బాకాలూ శాక్సఫోన్లూ ఊదుతుంటారు. రికార్డు అట్ట మీద ఆయన టోపీ ఒక పక్కకు వాల్చుకుని ఉండేవాడు గనక భాయ్ ఆయనకు టోపీవాలా అని పేరు పెట్టాడు. బ్యాండు ముందు నడిచిపోతుంటే టోపీవాలా అరక్షణం వెనకబడి, చొక్కా చేతులు మడుచుకుంటూ తీరిగ్గా వచ్చి మాట అందుకునేవాడు. ఇంగ్లీషు పాటలంటే చెవి కోసుకునే రకం కాకపోయినా, ఆ గొంతు వినబడితే నేను పుస్తకం మూసేసేవాణ్ణి. ఆ పాటకు తాతా ఓమా ముందుగదిలో డాన్స్ చేసేవాళ్ళు. వాళ్ళ పెళ్ళినాటి పాట అది.

ఆ ఏడు వసంతంలో వాళ్ళ పెళ్ళికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయి. ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో విందు. అప్పటికి మూడు నెలల కిందట ఓమాకు తుంటి ఆపరేషన్ అయింది. డాక్టరు కూర్చుని చూడమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ ఒక్క పాటా మొదటి నుంచి చివరిదాకా ఆడతాను. మధ్యలో కూర్చున్నానో, ఇక జీవితంలో లేవను" అని ప్రతి ఆదివారం కొంచెం కొంచెం పెంచుకుంటూ సాధన చేస్తోంది. ఒక నిమిషంతో మొదలుపెట్టి పాట మొత్తానికి చేరుకుంది.

ఆ ఆదివారాల్లో ఒకనాడు కాఫీకి పిలిస్తే వెళ్ళి, అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కాను. అట్ట మీద పాట నిడివి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు అని రాసి ఉంది. నా చేతిలో మూడు నిమిషాల ఇరవై రెండు వచ్చింది. మరుసటి వారం మళ్ళీ చూశాను. ఇరవై రెండే. పది సెకన్లు! అంటే రికార్డు తిప్పే యంత్రం అయిదు శాతం నెమ్మదిగా తిరుగుతోంది. పళ్ళెం కింద రబ్బరు బెల్టు సాగిపోయిందన్నమాట. పాపం, ఇన్నేళ్ళుగా తప్పు పాట వింటున్నారు, పెళ్ళిరోజు కానుకగా సరిచేసి ఇద్దామని నిశ్చయించుకున్నాను.

భాయ్ వద్దన్నాడు. "అరె యార్, మంచిగ తిరుగుతున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్? వాళ్ళు అడిగిండ్రా?"

"తప్పు తప్పే కదా భాయ్."

"నీ పక్కన నిల్చుంటే గోడ గడియారం గూడ భయపడతది."

ఒక గురువారం ఇద్దరూ వ్యాయామ చికిత్సకు వెళ్తూ, మొక్కలకు నీళ్ళు పోయమని నాకు తాళం ఇచ్చారు. నేను కొత్త బెల్టుతో దిగాను. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, కోణమానినితో రెండేసి డిగ్రీలకు ఒకటి చొప్పున నూట ఎనభై గీతలు గీశాను. ట్యూబులైటు వెలుగులో పళ్ళెం మీద పెట్టి తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. నిలబడ్డాయి. మూడు నిమిషాల పన్నెండు. పాత బెల్టును పారేసి, మొక్కలకు నీళ్ళు పోయడం మర్చిపోయి, మెట్లెక్కాను.

ఆదివారం మూడింటికి నన్నూ భాయ్‌నీ కూర్చోబెట్టి తాత రికార్డు పెట్టాడు. బ్యాండు ఉరికింది. టోపీవాలా గొంతు పలచబడి, మీసం రాని కుర్రాడిలా అందుకున్నాడు. ఓమా నాలుగడుగులు వేసి, తిరగాల్సిన చోట తిరిగేసరికి పాట దాటిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తాత కాలు తొక్కి, కుర్చీ పట్టుకుని కూలబడింది.

"ఎవడీ కుర్రాడు?" అంది ఆయాసపడుతూ.

"ఏమో. రైలుకు టైమైనట్టుంది వాడికి" అన్నాడు తాత.

నేను లేచి, గీతల అట్ట చూపించి, అయిదు శాతం సంగతి గర్వంగా మొదలుపెట్టి మెల్లగా ముగించాను. "అట్ట మీద మూడు పన్నెండనే రాసి ఉందండీ" అన్నాను చివరికి.

తాత అట్ట వైపు చూడను కూడా లేదు. "అది రాసినవాడు మా పెళ్ళికి రాలేదు, అబ్బాయ్" అన్నాడు. తర్వాత కోపం తగ్గి, "ఆ యంత్రం మాతోపాటే ముసలిదైంది. ఏడాదికి ఎంత తగ్గిందో మాకేం తెలుసు? మా కాళ్ళూ అంతే తగ్గాయి. ముగ్గురం కలిసే నడుస్తున్నాం" అన్నాడు.

ఓమా మాత్రం మూలనున్న దీపం కేసి చూస్తూ, "పోనీలే, నేను కూర్చునే చూస్తాను" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

విందుకు ఆరు రోజులుంది. పోయిన తప్పును ఉన్నదున్నట్టు తిరిగి తేవాలని పంతం పట్టాను. (ఒప్పు చేయడం కంటే అది ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.) పళ్ళేనికి వేలు ఆనిస్తే టోపీవాలా మేకలా అరిచాడు. బెల్టుకు పౌడరు రాస్తే ఒకసారి మూడు పద్నాలుగు, ఇంకోసారి మూడు ముప్పై ఒకటి. పాత బెల్టు దొరికితే తప్ప దారి లేదు. దాన్నేమో ప్లాస్టిక్ చెత్త వేసే పసుపు డబ్బాలో వేశాను. ఆ బండి శుక్రవారమే వచ్చి వెళ్ళిపోయింది. బుధవారం నాటికి నా నోట్‌బుక్కులో పందొమ్మిది కొలతలున్నాయి, ఒక్కటీ పనికిరాదు.

"బెల్టంటే నల్లగ, గుండ్రంగ, సాగిపోయి ఉంటదా?" అన్నాడు భాయ్, బూట్లు విప్పుతూ. "కింద నోటీసు బోర్డుల శుక్రవారం నుంచి వేలాడుతున్నది."

"మరి చెప్పవేం?"

"అది నీదేనని తెలుసు. నలుగుట్ల ఇజ్జత్ పోతదని చెప్పలే. నీకు మళ్ల కావాలని నాకేమెరుక?"

ముప్పైనాలుగు మెట్లూ ఎన్ని అంగల్లో దిగానో మొదటిసారి లెక్కపెట్టలేదు. నిజమే. అద్దాల బోర్డులో, ప్లాస్టిక్ సంచిలో నా బెల్టు. కింద చక్కటి చేతిరాతతో, "రబ్బరు పసుపు డబ్బాలో వేయరాదు. వేసినవారు వచ్చి కలవగలరు." రాసింది మధ్య అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ. చెత్త డబ్బాలన్నీ రోజూ ఆవిడ చేతి మీదుగా పోవాల్సిందే. బోర్డు తాళం చెవి కూడా ఆవిడ దగ్గరే.

"అయితే మీరేనన్నమాట" అంది తలుపు తీసి.

"నేనేనండీ. క్షమించండి. అది నాకు కావాలి."

"పెరుగు డబ్బా మూత ఎందులో వేస్తారు?"

"పసుపు."

"టీ సంచి?"

"తడి చెత్త."

"విరిగిన గాజు గ్లాసు?"

"సీసాల డబ్బా" అన్నాను ధైర్యంగా.

"తప్పు!" అని లోపలికి రమ్మని, నలభై నిమిషాలు పాఠం చెప్పి, మళ్ళీ మొదటి నుంచి అప్పజెప్పించుకుంది. (గ్లాసు మామూలు చెత్తలోకి. సీసా గాజు వేరు, గ్లాసు గాజు వేరు.) చదువుకున్న రోజుల్లో ఏ పరీక్షకీ అంత చెమట పట్టలేదు. చివరికి తాళం తీసి, బెల్టు చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం తాత ముందే దాన్ని ఎక్కించాను. స్టాప్‌వాచ్ నొక్కాను. ఇరవై రెండు. మళ్ళీ ఇరవై రెండు. వంటింట్లోంచి ఓమా చేయి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, "వచ్చాడా?" అంది.

శనివారం ఆ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని హాలుకు తీసుకెళ్ళింది నేనే. వందమంది దాకా జనం. పాట మొదలైంది. నేను పాట వినలేదు, ఓమా కాళ్ళనే చూస్తున్నాను. రెండు నిమిషాల దగ్గర ఆవిడ పెదవి బిగించింది. రెండున్నర దగ్గర తాత భుజం మీద చేయి గట్టిగా పడింది. టోపీవాలా మాత్రం ఎప్పటిలాగే అరక్షణం ఆగి, ఆవిడ అడుగు పడ్డాకే మాట అందుకున్నాడు. ఆఖరి బాకా ఆగేసరికి ఆవిడ నిలబడే ఉంది. చప్పట్ల మధ్య తాత నా వైపు తిరిగి, "ఎంత?" అన్నట్టు గడ్డం ఎగరేశాడు. నేను వేళ్ళతో చూపించాను. "సరిగ్గా ఉంది" అన్నాడు.

ఇప్పుడు జర్మనీలోనే ఇంగోల్‌స్టాట్‌లో కారు విడిభాగాలు కొలిచే ఉద్యోగం నాది. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోను. ఇంటికొచ్చాక, ఆదివారం మూడింటికి ఫోనులో టోపీవాలాను పెట్టి, మా ఆవిడతో నాలుగడుగులు వేస్తాను. ఎప్పటిదో ఆ పాత బ్యాండూ, పోయి ఎన్నాళ్ళో అయిన గాయకుడూ మా వంటింట్లో తీరిగ్గా నడుస్తారు. మా ఆవిడకు ఈమధ్య మోకాలు పట్టేస్తోంది. అందుకని ఫోనులో వేగం అయిదు శాతం తగ్గించి పెట్టాను. ఆవిడకు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మొన్న మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, చేతిలో తన ఫోనుతో, "నాన్నా, ఇది త్సు లాంగ్‌సామ్. చాలా స్లోగా ఉంది. ఒరిజినల్ మూడు పన్నెండు. ఇది మూడు ఇరవై రెండు వచ్చింది" అంది. స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తూనే ఉంది దాని చేతిలో. ఎవరి పోలికో అడగక్కర్లేదు.

"అది రాసినవాళ్ళు మా పెళ్ళికి రాలేదమ్మా" అన్నాను, మా ఆవిడ అడుగు పడేదాకా ఆగి.