వట్టి గిన్నె

నేను కేతేపల్లి దగ్గర ఒక ఊరికి పాస్టరుగా వచ్చేనాటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్ళయింది. మాది కోస్తా. నా భార్య అక్కడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. రాష్ట్రాలు రెండయ్యాక ఆవిడకు ఇటు బదిలీ లేదు, నాకు అటు ఏ చర్చి నుంచీ పిలుపు లేదు. అలా నలభై దాటాక మళ్ళీ బ్రహ్మచారినయ్యాను. చర్చి వెనక రెండు గదులు, ఒక గ్యాస్ పొయ్యి, నేను. సాయంత్రమైతే మనిషి మాట వినపడేది కాదు. ఎప్పుడైనా పైకి మాట్లాడితే నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

చర్చికొచ్చే సంఘం చిన్నది. నాట్లు పడ్డాయంటే ఇంకా చిన్నదయ్యేది. అయినా మా లూథరన్ ఆరాధనలో ఒక ఘట్టం ఉంది, వారమంతా దానికోసమే బతికేవాణ్ణి. అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు. అప్పుడు పాస్టరు లేచి, మీకు క్షమాపణ దొరికిందని ప్రకటించాలి. మనిషి తన మంచితనంతో కాదు, క్రీస్తును నమ్మడంవల్లే దేవుని ముందు నీతిమంతుడవుతాడు. ఆ నమ్మకం మాట వింటే పుడుతుంది. ఆ మాట చెప్పడానికే దేవుడు పాస్టరు పనిని పెట్టాడు. పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో నాకు బాగా ఒంటబట్టింది ఇదొక్కటే. ఎవరికి వారు చెప్పుకుంటే చాలదు, ఇంకొకరి నోటినుంచి వచ్చి చెవిలో పడాలి. సరే, అందరికీ నేను చెబుతాను. మరి నాకెవరు చెబుతారు? తోటి పాస్టరు ఉండేది నల్గొండలో. ఆయన తిప్పలు ఆయనవి.

ఊళ్ళో నన్ను పలకరించే మనిషి ఒక్కతే, పక్కింటి అవ్వ. గొర్రెలు కాసుకునే హిందూ కుటుంబం. గోడ మీదనుంచి "తిన్నవా సారు?" అని కేకేసేది. తిన్నానన్నా వినేది కాదు. పచ్చిపులుసు, పప్పు, ఎప్పుడైనా మటన్ కూర, అంచు సొట్టపోయిన స్టీలు గిన్నెలో వచ్చేవి. ఆ గిన్నెను నేను ఏనాడూ వట్టిదిగా తిరిగివ్వలేదు. మా అమ్మ పెంపకం అలాంటిది. గుప్పెడు పంచదారైనా పోసి ఇచ్చేవాణ్ణి. "గిదెందుకు సారు?" అని నవ్వుతూనే తీసుకునేది.

ఒక వానాకాలం అవ్వ కొడుక్కి జ్వరం ముదిరి నల్గొండ దవాఖానలో వేశారు. అవ్వ పరుగున వచ్చి, "సారు, మీ దేవునికి జర చెప్పు. నాకు గీ ఒక్క కొడుకే," అంది. బస్సెక్కి వెళ్ళి, అతని మంచం పక్కన నిలబడి ప్రార్థించాను. కొడుకు కోలుకున్నాడు, ఇంటికొచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం నా ప్రసంగం మధ్యలో చర్చి వాకిట్లో గొర్రె అరిచింది. చూస్తే అవ్వ. నుదుట పసుపు, మెడలో బంతిపూల దండ వేసిన పొట్టేల్ని గుంజకు కట్టేస్తోంది.

"మొక్కుకున్న సారు. కొడుకు ఇంటికొస్తే మీ దేవునికి పొట్టేల్నిస్తనన్న."

సంఘపెద్దల కళ్ళు మెరిశాయి. "తీసుకుందం అయ్యగారు, పగటి బువ్వకు అందరికి కూరైతది," అని ఒకాయన నా చెవిలో గొణిగాడు.

ఏం చెయ్యను? అప్పటిదాకా నేను గొంతు చించుకున్నది దాని గురించే: దేవుడు ఊరికే ఇస్తాడు, బదులు పుచ్చుకోడు. "అవ్వా, మా దేవుడికి మొక్కులు చెల్లించక్కర్లేదు. ఆయన ఊరికే ఇచ్చాడు. తోలుకెళ్ళు," అన్నాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. "ఉత్తగ తీసుకునేటందుకు మేమేమన్న అడుక్కతినేటోళ్ళమా? మా చేతిది మీ దేవునికి పనికిరాదా?" తాడు విప్పుకుని వెళ్ళిపోయింది.

నేను చెప్పింది తప్పు కాదు. ఎవరొచ్చి అడిగినా ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ రోజునుంచి గోడ మీదనుంచి కేక ఆగిపోయింది. ముందు రోజు పులుసు తెచ్చిన గిన్నె నా అలమరలోనే ఉండిపోయింది. అన్నం వండుకుని, నిలబడే తిని, కంచం కడుక్కునేవాణ్ణి. గోడ అవతల గాజుల చప్పుడైతే చెవులు రిక్కించేవాణ్ణి. ఛీ, ఏం బతుకు! ముసలావిడ ఒక్క మాట కోసం అంతలా మొహం వాచిపోయాను. ఫోన్‌లో నా భార్యకి చెప్పుకుంటే, "చాల్లెండి, చిన్నపిల్లాడిలా. ఆ గిన్నెలో ఏదో ఒక స్వీటు పెట్టి ఇచ్చి రండి, ఆవిడే సర్దుకుంటుంది," అంది.

నల్గొండ వెళ్ళినప్పుడు కోవా కొన్నాను. గిన్నె నిండా సర్ది అవ్వ ఇంటి గేటు దాకా వెళ్ళాను. లోపల పొట్టేలు కట్టేసి ఉంది. దండలో పూలు ఎప్పుడో తినేసినట్టుంది, మెడలో దారం మిగిలింది. అది నన్ను చూసింది. నేను గిన్నెను చూసుకున్నాను. ఓరి నాయనో! ఆవిడ పొట్టేల్ని తోలుకొచ్చింది, నేను కోవా మోసుకొచ్చాను. తేడా ఏముంది? ఊరికే తీసుకోండని వారం వారం అరిచే పెద్దమనిషి, ఒక్క పూట పులుసైనా ఊరికే తీసుకున్న పాపాన పోలేదు.

ఇంటికి వచ్చి, కోవా కంచంలోకి వంపి, గిన్నె కడిగాను. మళ్ళీ బయల్దేరి, గడప దగ్గరే ఆగిపోయాను. వట్టి చేతులతో ఒకరి గుమ్మం తొక్కి ఎరగను. పొమ్మంటుందేమో. పొమ్మంటే ఇక ఈ ఊళ్ళో నన్ను తిన్నవా అని అడిగే మనిషి ఉండదు. భయమేసింది, నిజంగానే. అయినా వెళ్ళాను.

అవ్వ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. నన్ను చూసి మళ్ళీ రొట్టె మీదికి వంగింది. గిన్నె చాపాను.

"ఆకలేస్తోందవ్వా. ఏమన్నా పెట్టు."

గిన్నెలోకి తొంగి చూసింది. "ఉత్త గిన్నెనేనా?"

"ఉత్తదే. ఏమీ తేలేదు."

"గిన్ని దినాలు ఏడ వోయినవ్?" అని కసిరి, పీట ఇటు జరిపింది. "కూసో."

వేడి రొట్టె చేతిలో పెట్టి, గిన్నెలో పచ్చిపులుసు పోసింది. తింటుంటే ఏడుపొచ్చింది. పొగ అనుకుందో ఏమో, ఇంకో రొట్టె వేసింది.

తిన్నాక అలవాటు కొద్దీ గిన్నె కడగడానికి నీళ్ళ తొట్టి వైపు లేచాను. నా చేతిలోంచి లాక్కుంది.

"ఇడువు బిడ్డా. ఇయ్యాల నువ్వేం చెయ్యకు."

మళ్ళీ పీట మీద కూర్చున్నాను.