మొగ దగ్గర బాప్తిస్మం

డెబ్భైల చివర, ఒక జూన్ నెలలో, నన్ను రాజోలు తాలూకాలో మలికిపురం చుట్టుపక్కల సంఘాలకు బైబిలు స్త్రీగా వేశారు. ఈ ఉద్యోగం ఇప్పుడు దాదాపు కనబడదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బైబిలు స్త్రీ అంటే మిషను జీతం మీద ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం నేర్పే మనిషి. వరసలో పైన పాస్టరుగారు, ఆయన కింద ఉపదేశి, ఉపదేశి తర్వాత మేము. చర్చిలో ప్రసంగపీఠం ఎక్కే హక్కు మాకు లేదు. అరుగుల మీద, వంటిళ్లలో, చేలగట్ల మీద కూర్చుని చెప్పాలి. బాప్తిస్మం కోరిన ఆడవాళ్లకు పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, ముఖ్యమైన కథలు నేర్పి పాస్టరుగారి పరీక్షకు సిద్ధం చేయాలి. సిద్ధమయ్యారని నేను చెప్పాలి. తుది నిర్ణయం ఆయనది.

నేను పుట్టింది కె.గంగవరం వైపు. తాతల నాడు మాది కూలి కుటుంబం. మా నాన్న మిషను బడిలో మాస్టారు. మాకు తెలిసిన నీళ్లు కాలవ నీళ్లు, వరిచేల నీళ్లు. సముద్రం అంటే నాకు శిక్షణలో నేర్పిన అర్థాలే. సముద్రమంటే లోకంలోని శ్రమ, కెరటమంటే శోధన, ఓడ అంటే సంఘం, లంగరు నిరీక్షణ. బాప్తిస్మంలో నీళ్లు సమాధికి గుర్తు. మునగడం ప్రభువుతో చావడం, లేవడం ఆయనతో బతకడం. దేవుడు అన్నీ కొత్తగా చేసే రోజున సముద్రమే ఉండదని కూడా మాకు చెప్పారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఆ మాట చెబితే ఆడవాళ్లు స్తోత్రం అనేవారు.

మొగకు, అంటే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి, దగ్గరగా చేపల వేట మీద బతికే ఒక వేటపల్లె ఉంది. అక్కడ నూకరత్నం అనే ఆవిడ మలికిపురం సంతకు ఎండుచేపలు తెచ్చి అమ్మేది. సంతలో మా వాళ్ల పాటలు విని, తనకూ నేర్పమని అడిగింది. వారానికొకసారి వాళ్ల ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. నన్ను ఆ పల్లెలో అందరూ బైబిలమ్మగారు అనేవారు. సముద్రం ఉండదన్న మాట అక్కడా చెప్పాను. నూకరత్నం నవ్వేసింది.

"మరి అక్కడ ఏం తింటామండీ?"

ఆవిడ అత్తగారు పెంటమ్మ మాత్రం నవ్వలేదు. చూరు కింద వల బాగుచేసుకుంటూ, "గంగమ్మ తల్లి లేని ఊరు మాకెందుకండీ" అంది. నేను పాఠం ముందుకు నడిపాను.

ఆ ఏడు వేట మొదలుపెట్టే రోజున పడవకు పసుపూ కుంకుమా పెట్టాల్సింది నూకరత్నం. ఇంటి కోడలు చేసే పని అది. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లు పాత పూజలు మానాలన్నది సంఘం నియమం. ఆవిడ ఆ నియమం పాటించి పక్కకు నిలబడింది. పెంటమ్మ తన చేత్తోనే పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కోడలి వంక ఒక చూపు చూసింది. పల్లె అంతా చూసింది ఆ చూపు.

అక్టోబరులో ఒకనాడు నేను వెళ్లేసరికి పడవలన్నీ వేటలో ఉన్నాయి. నూకరత్నం భర్త లోవరాజు, ఆవిడ తమ్ముడు సత్తిబాబు, ఇంకొక పెద్దాయన కలిసి తెల్లవారుజామునే వెళ్లారు. ఆ రోజు పాఠం ప్రభువు తుఫానును ఆపిన కథ. శిష్యులు భయపడి ఆయన్ని లేపడం, ఆయన గాలిని గద్దించడం, కెరటాలు అణగడం చెబుతున్నాను. అంతలో తూర్పు నుంచి గాలి మారింది. మొదట తాటాకులు గలగలలాడాయి. తర్వాత వాకిట్లో ఆరేసిన చేపలు ఎగిరిపోసాగాయి. టీకొట్టు దగ్గర ట్రాన్సిస్టరులో వాయుగుండం అని చెప్పారని ఎవరో అరుచుకుంటూ పోయారు. కృష్ణా వైపు వచ్చిన ఉప్పెన సంగతి ఇంకా జనం నోళ్లలో ఉన్న రోజులవి. పుస్తకం మూసేశాను.

మధ్యాహ్నానికి పడవలు ఒక్కొక్కటీ మొగలోకి రాసాగాయి. ప్రతి పడవ కనబడగానే గట్టు మీద ఆడవాళ్లు ముందుకు పరుగెత్తేవారు. తమది కాదని తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోయేవారు. సాయంత్రానికి అన్నీ వచ్చాయి. లోవరాజు పడవ రాలేదు. వచ్చినవాళ్లను అడిగితే, గాలి మారేముందు దూరంగా చూశామనీ, తర్వాత కనబడలేదనీ చెప్పారు.

మలికిపురానికి ఆఖరి బస్సు వెళ్లిపోతుందని ఎవరో నాకు గుర్తుచేశారు. ఆ మాటలో వెళ్లిపొమ్మన్న అర్థం కూడా ఉందని తెలుసు. ఉంటే పల్లె నన్నేమంటుందోనన్న భయం ఒక పక్క. ఇప్పుడు వెళ్లిపోతే ఈ ఇంట్లో మళ్లీ ఏ ముఖంతో కూర్చుంటాను అన్నది ఇంకో పక్క. ఉండిపోయాను.

నూకరత్నం ఏడవలేదు. గట్టు మీద నా పక్కన కూర్చుని అడిగింది.

"ప్రభువు ఎక్కిన పడవతో పాటు ఇంకా పడవలు వచ్చేయన్నారు కదండీ. ఆ పడవల్లో వాళ్లు ఏమయ్యేరండీ?"

ఆ మాట కథలో ఉంది. ఎన్నో సార్లు చెప్పాను కానీ ఆ పడవల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాతో చదివినవాళ్లూ ఎవరూ అడగలేదు.

"రాసి లేదమ్మా. గాలి ఆగిందని ఉంది. ఆగితే అందరికీ ఆగినట్టే కదా" అన్నాను.

"ఆయ్" అంది. మళ్లీ, "ఆయన లేని పడవలండీ అవి" అంది.

వెనక నిలబడిన పెంటమ్మ అప్పటిదాకా ఉగ్గబట్టుకున్నది కక్కేసింది. "ఇంటి కోడలు పసుపు పెట్టని పడవ ఎక్కడైనా తిరిగొత్తదా? ఇద్దర్ని పంపేను. నా కొడుకూ, దీని తమ్ముడూ. ఆ పుస్తకం మా వాకిట్లోంచి పట్టుకుపోండమ్మా!" చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆవిడను ఆపలేదు. పుస్తకం చీర కొంగులో దాచుకున్నాను.

మర్నాడు పొద్దున ఉత్తరం వైపు పల్లె నుంచి ఒక మనిషి సైకిలు మీద కబురు తెచ్చాడు. పడవ బద్దలైంది. మనుషులు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. ఎంతమంది అంటే అతనికి సరిగ్గా తెలియదు. ఎవరో చెబితే వచ్చాడు. ఆ సరిగ్గా తెలియకపోవడంతో పల్లె అంతా గట్టు మీద నిలబడిపోయింది. ఎండ ఎక్కాక ఇసుక దారిలో ఇద్దరు నడిచి వస్తూ కనిపించారు. ముందు లోవరాజు. వెనక పెద్దాయన. నూకరత్నం మొగుడికి ఎదురు పరుగెత్తింది. దగ్గరకు వెళ్లి, అతని చేయి పట్టుకుని, అతని భుజం మీదుగా వెనక దారి వైపు చూస్తూ ఉండిపోయింది.

లోవరాజు చెప్పింది కొంచెమే. చెక్క పట్టుకుని ముగ్గురూ తేలారు. తెల్లవారేసరికి సత్తిబాబు చేయి జారిపోయింది. వెతికినా దొరకలేదు. శవం ఏ ఒడ్డుకూ రాలేదు.

కొన్నాళ్లు ఆ పల్లెకు వెళ్లవద్దని పాస్టరుగారు సలహా ఇచ్చారు. అది ఆజ్ఞ కాదు, సలహా. దినాలు అయ్యాక వెళ్లాను. దారి పొడుగునా వెనక్కి పోదామా అనే అనుకున్నాను. వాకిట్లో పెంటమ్మ ఉంది. నన్ను చూసి లేచింది. తిడుతుందనుకున్నాను. చాప వేసింది.

"పసుపు నేను పెట్టేనండి. నా చేత్తోనే పెట్టేను. అయినా కుర్రోడు పోయేడు. ఇంక ఎవర్ని అంటామండీ? కూచోండి. అన్నం తిన్నారా?"

నూకరత్నం పాఠాలు మానలేదు. పరీక్షలో పాస్టరుగారు అడిగినవన్నీ చెప్పింది. బాప్తిస్మం జనవరిలో అనుకున్నారు. ఆ ప్రాంతపు సంఘాలకు అది మొగ దగ్గరే ఇవ్వడం అలవాటు. తమ్ముణ్ని మింగిన నీళ్లలో ఆవిణ్ని ముంచడమంటే నాకు భయమేసింది. నీళ్లు సమాధికి గుర్తు అని నేనే నేర్పాను. ఆవిడకు అవి గుర్తు కాదు, సమాధే. మలికిపురం కాలవలో ఇవ్వండని పాస్టరుగారిని బతిమాలాను. చోటు గురించి నియమమేమీ లేదని ఆయన వెంటనే ఒప్పుకున్నారు. సంతోషంగా వెళ్లి చెప్పాను.

"కాలవలో వద్దండి" అంది నూకరత్నం.

"భయం వేయదా అమ్మా?"

"వేత్తాదండి. మునిగినోళ్లు లేత్తారనే కదండీ మీరు చెప్పేది? మా సత్తిబాబు మునిగేడు. వాడికి బాప్తిస్మం లేదు. వాడి సంగతి ఏంటో మీరూ చెప్పలేరు, అయ్యగారూ చెప్పలేరు. వాడున్న నీళ్లలోనే నేను మునిగి లేత్తానండి. అంతే."

పాస్టరుగారికి ఆ మాట యథాతథంగా చెప్పాను. ఆయన, సముద్రం పోటూ పాటూ ఏ వేళల్లో ఉంటాయో ఎవరినైనా కనుక్కోమన్నారు. లోవరాజు చెప్పాడు. అతనికి ఈ మతంలో నమ్మకం లేదు. అయినా ఆ ఉదయం మా కంటే ముందే వచ్చి నడుం లోతు నీళ్లలో ఒక పక్కన నిలబడ్డాడు. పెంటమ్మ పొడి చీర పట్టుకుని ఒడ్డున ఉంది.

నూకరత్నం దిగబోతూ వంగి, నీళ్లు చేత్తో ముట్టి కళ్లకద్దుకుంది. వేటపల్లెల్లో సముద్రంలో కాలు పెట్టేముందు చేసేది అదే. పాస్టరుగారు ఆపేస్తారనుకున్నాను. ఆయన చూశారు, చేయి అందించారు.

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం పలికి ఆయన ఆవిణ్ని వెనక్కి ముంచిన క్షణంలో పెద్ద కెరటం వచ్చింది. ఇద్దరూ కనబడలేదు. నురుగే కనబడింది. ఒడ్డున మా వాళ్ల పాట తెగిపోయింది. పెంటమ్మ "తల్లీ!" అని కేక పెట్టి చీరతో సహా నీళ్లలోకి పరుగెత్తింది. లోవరాజు ముందుకు దూకబోయి ఆగాడు. కెరటం వెనక్కి తగ్గింది. నూకరత్నం నిలబడి ఉంది. పాస్టరుగారి మోచేయి గట్టిగా పట్టుకుని ఉంది. ఆయనకు ఈత రాదని మాకందరికీ అప్పుడే తెలిసింది. "నిలదొక్కుకోండి అయ్యగారూ, ఇంకోటి వత్తంది" అంటోంది ఆవిడ. పెంటమ్మ తెచ్చిన పొడి చీర అప్పటికి పూర్తిగా తడిసిపోయింది.

మరుసటి ఏడాది నన్ను కొత్తపేటకు మార్చారు. తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో ఊళ్లు తిరిగాను. నేర్చుకున్న అర్థాలేవీ మార్చలేదు. అవి నాకన్నా పాతవి, నేను మార్చదగ్గవి కావు. పద్ధతి మాత్రం మార్చుకున్నాను. నీళ్ల గురించిన పాఠం ఏ ఇంట్లో చెప్పవలసి వచ్చినా, మీ వాళ్లెవరైనా నీళ్లలో పోయారా అని ముందు అడిగేదాన్ని. పోయారంటే ఆ రోజుకు వాళ్ల మాట విని, పాఠం మళ్లీ వచ్చినప్పుడు చెప్పేదాన్ని.