ఓటు అడిగిన ఉపాధ్యక్షురాలు

స్నేహితుణ్ణి చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చి, బళ్లారిలో చోరనూరు వైపు వెళ్లే బస్సెక్కాను. ఒక అమెరికా ఉపాధ్యక్షుడి జీవితచరిత్ర చదువుతుంటే, పక్కసీటు ఆవిడ అట్టమీది బొమ్మ చూసి అడిగింది.

"ఎవురప్పా ఈయప్ప?"

చెప్పాను. పల్లెలో పుట్టి, లాయరై, చట్టసభకు వెళ్లాడు. ఉపాధ్యక్షుడయ్యాక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అధ్యక్షుడు హఠాత్తుగా చనిపోవడంతో ఆ కుర్చీ ఆయనకు దక్కింది.

"మళ్లా ఓటు లేకుండానే?"

"అక్కడి చట్టం అంతేనమ్మా."

ఆవిడ నవ్వింది. "నేనూ ఉపాధ్యక్షురాలినే, మా గ్రామ పంచాయితీకి. మా అధ్యక్షుడు రాజీనామా చేసినాడు. ఈ పొద్దు మెంబర్లు కూడి కొత్తోళ్లను ఎన్నుకుంటారు. నేను నిలబడినా. గెలుస్తానని బళ్లారి బ్రూస్‌పేట బజారులో కొత్త చీర కూడా తీసుకున్నా."

"పోటీ ఉందా?"

"ఉండాది. మా మరిదే. 'నీకు ఉపాధ్యక్ష పదవి చాల్లే వదినా' అంటాండాడు. ఇంట్లో అందరూ ఆయప్ప పక్కే. నేనే మెంబర్ల ఇండ్లకు పోయి ఓటు అడిగినా. అడక్కుండా వచ్చే కుర్చీ నాకొద్దప్పా."

నా స్నేహితుడిదీ ఆ ఊరే. మధ్యాహ్నం టపాకాయల చప్పుడు విని ఇద్దరం పంచాయితీ ఆఫీసుకు వెళ్లాం. మెడలో దండతో ఆవిడ బయటికొచ్చింది. జనానికి దూరంగా తల దించుకుని నిలబడ్డ మరిది దగ్గరికి నేరుగా నడిచింది.

"ఉపాధ్యక్ష కుర్చీ ఖాళీ అయ్యిందప్పా. నిలబడు, నా ఓటు నీకే. కానీ మిగతా మెంబర్లను నువ్వే పోయి అడుక్కోవాల."