బందరు బోరు నీళ్ళతో చేసిన జెల్

తొంభైల చివర్లో గుడివాడ నుంచి రోజూ పాసింజరులో బందరు కాలేజీకి వెళ్ళేదాన్ని. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. పీహెచ్‌డీ చేస్తున్న ఒక సీనియర్ అక్క దగ్గర నా పని. పాలీవినైల్ ఆల్కహాల్ అనే తెల్ల పొడిని నీళ్ళలో కరిగించి, కాస్త లవణం కలిపి, కరెంటు పారే జెల్ చెయ్యాలి. లవణం తక్కువైనా కరెంటు బాగా పారాలన్నది అక్క పరిశోధన.

అంత మొండి పొడిని నేను మళ్ళీ చూడలేదు. చన్నీళ్ళలో కొద్దికొద్దిగా చల్లి, కలుపుతూ, మెల్లగా వేడెక్కించాలి. పూటంతా పడుతుంది. నాకు అంత ఓపికెక్కడిది? ఒకరోజు మధ్యాహ్నం బండికే ఇంటికి పోదామని మరిగే నీళ్ళలో మొత్తం గుమ్మరించాను. కలపకుండా రవ్వ పోసిన ఉప్మాలా ఉండలు కట్టింది.

అది పారబోసి గిన్నెలు కడిగేసరికి డిస్టిల్డ్ వాటర్ క్యాను ఖాళీ. కొత్తది మర్నాటికి గాని రాదు. వరండా చివర బోరు ఉంది. బందరు బోరు నీళ్ళ సంగతి తెలియనిదెవరికి? పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, నోట్లో పోసుకుంటే ఉప్పన. ఆ నీళ్ళే పట్టుకొచ్చి ఈసారి బుద్ధిగా కరిగించాను. ల్యాబు పుస్తకంలో మాత్రం డిస్టిల్డ్ వాటర్ అని రాసి సాయంత్రం బండి ఎక్కాను.

మర్నాడు అక్క మీటరు చూసి కుర్చీలోంచి లేచింది. అంత తక్కువ లవణానికి అంత కరెంటు అంతకుముందెప్పుడూ రాలేదు.

"నీ చేతిలో ఏదో ఉందే," అని క్యాంటీనుకి తీసుకెళ్ళి పునుగులు తినిపించింది. ఉప్పు నీళ్ళ మహిమ అని నాకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా తిన్నాను. మొదట ప్రాజెక్టు పోతుందేమోనని భయం. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియని భయం.

మూడు నెలలు అదే జెల్ మళ్ళీ మళ్ళీ చేయించింది. డిస్టిల్డ్ వాటర్‌తోనే, ఒక్క ఉండ లేకుండా చేశాను. ఆ అంకె మాత్రం రాలేదు.

"ఆ రోజు ఏం చేశావో కాస్త గుర్తు తెచ్చుకోవే."

"ఇలాగే చేశానక్కా."

చివరికి గైడు గారు, మళ్ళీ రాని రీడింగు థీసిస్‌లో పెట్టడానికి వీల్లేదన్నారు.  అక్క నా పక్కనే కూర్చుని పుస్తకం తీసి ఆ అంకె మీద గీత కొట్టింది. అంతలో ఆమె పెన్నులో ఇంకు అయిపోయింది.

"నీ పెన్ను ఓసారి ఇలా ఇవ్వమ్మా," అంది.

ఇచ్చాను. 'మీటరు చదవడంలో నా పొరపాటు' అని గీత పక్కన రాసి, కింద సంతకం పెట్టింది.