ఖాళీ ట్యాంకు ముహూర్తం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. పట్టా మడత నలగకముందే మస్కట్‌లో దిగి, అల్ మవాలేలో ఓ వర్క్‌షాప్‌లో ఇంజనీరుగా చేరాను. పనివాళ్ళు నన్ను 'లాప్‌టాప్ సార్' అనేవారు. అది గౌరవమనుకుని మురిసిపోయేవాణ్ణి (ఆ పేరు పెట్టింది మా ఫోర్‌మన్ భాయ్ అని తెలిశాక కూడా). భాయ్‌ది కడప. నేను పలక పట్టే నాటికే ఆయన ఒమన్‌లో స్పానర్ పట్టాడు. జేబులో టేపు ఉన్నా తీసేవాడు కాదు. సుద్దముక్కతో గీసి, జానలూ వేళ్ళూ లెక్కపెట్టేవాడు. చూసి నాలో నేను నవ్వుకునేవాణ్ణి.

మా అర్బాబ్, అంటే యజమాని, ఆ ఏడు ఒక క్యాంపర్ కొన్నాడు. పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న ఇల్లన్నమాట. లోపల పరుపు, పొయ్యి, సింకు, వెనక మూలన నీళ్ళ ట్యాంకు, నాలుగు మూలలా నాలుగు జాకీ కాళ్ళు. దాన్ని కాళ్ళ మీద ఎత్తి నిలబెట్టి, పికప్‌ని రివర్స్‌లో కిందికి పోనిచ్చి, మెల్లగా దించాలి. గురువారం సాయంత్రం భార్యాబిడ్డలతో బహ్లా దాటి కొండెక్కాలని ఆయన సరదా. "నువ్వే కూర్చోబెట్టు. సరిగ్గా కూర్చుంటే నీ ఉద్యోగం ఖాయం, లేకపోతే టికెట్ కొనిస్తా" అన్నాడు హిందీలో, నవ్వుతూనే. నా ప్రొబేషన్ ఆ వారంతోనే ముగుస్తుంది. టికెట్ అన్న మాట దగ్గర నాకు నవ్వు రాలేదు.

రెండు రాత్రులు కూర్చుని బొమ్మలు గీశాను. అయినా గుండె నిలవక తణుకులో మా మేనత్తకి ఫోన్ చేశాను. అత్తయ్య క్యాలెండర్ తిరగేసి, "గురువారం తొమ్మిదికి దివ్యంగా ఉందిరా, పదిన్నర దాటితే వర్జ్యం, ఈలోపే కానిచ్చెయ్" అంది. గురువారం పొద్దున భాయ్ తొట్టిలో పరిచే రబ్బరు షీటు కోసం సీబ్ వెళ్తూ, "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవాకండి సార్. ట్యాంకు నింపి, బరువు సూసుకోని దింపుదాం" అన్నాడు. సరేనన్నాను. తొమ్మిదైంది. భాయ్ జాడ లేదు. ముహూర్తం దాటిపోతే మళ్ళీ ఎవరిస్తారు? ఇద్దరు హెల్పర్లని పిలిచి, షీటు లేకుండా, ట్యాంకు నింపకుండా దించేశాను. క్యాంపర్‌దీ తొట్టిదీ వెనక అంచులు రెండూ సమంగా కనిపిస్తే అందంగా ఉంటుందని, తొట్టి ముందు గోడ దగ్గర జానెడు ఖాళీ వదిలాను. కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి ఫోటో పంపాను. అత్తయ్య వెంటనే ఫోన్ చేసింది. "ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నేను చెప్పిన తొమ్మిది మన తొమ్మిదిరా! ఇక్కడ పదిన్నర దాటింది, శుభ్రంగా వర్జ్యంలో కొట్టావు కాయ!"

ఆ మాట వింటుండగానే భాయ్ షీటు చుట్ట భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం బండి చుట్టూ ఒకసారి నడిచి, కొబ్బరిచిప్ప తీసి పక్కన పెట్టి, నీళ్ళ పైపు తెమ్మన్నాడు. ట్యాంకు నింపుతూ, "సార్, ముందు చక్రం సూడు" అన్నాడు. చూశాను. నీళ్ళు నిండేకొద్దీ టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య సందు పెరుగుతోంది. ఆ మీద, అర్బాబ్ కొండ మీదికి తీసుకెళ్ళాలనుకున్న జనరేటరు కూడా వెనకే ఎక్కించాడు. బండి మూతి ఇంకా లేచింది. "కొండెక్కేటప్పుడు ఈ ముందు చక్రాలు రోడ్డును పట్టుకోవు. స్టీరింగు నీ మాట యాడ ఇంటాది?" అన్నాడు. అర్బాబ్ పిల్లలు ముగ్గురూ కళ్ళ ముందు మెదిలారు. అప్పటిదాకా నాకున్న భయం ఉద్యోగం గురించే అని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత చూసింది నేను జన్మలో మరిచిపోలేను. భాయ్ క్యాంపర్‌ని ఎత్తించి, బండి బయటికి తీయించి, పెట్టె అడుగున అడ్డంగా ఒక ఇనప గొట్టం పెట్టించాడు. పెట్టెని గొట్టం మీదికి దించి, నాలుగు కాళ్ళూ నేలకి అంగుళం పైన ఉండేలా పైకి తిప్పించాడు. మళ్ళీ మళ్ళీ ఎత్తించి, గొట్టాన్ని కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరిపించాడు. ఒక చోట, పొయ్యీ పరుపూ నిండు ట్యాంకూ ఉన్న ఆ ఇల్లు ఇల్లంతా, ఎటూ ఒరగకుండా గొట్టం మీద నిలబడిపోయింది. భాయ్ ఒక్క వేలితో నొక్కాడు. ఇటు వంగింది. వేలు తీశాడు. అటు వంగింది. కావడి మోసేవాడు భుజం సర్దుకున్నంత తేలిక! నోరు తెరుచుకుని ఉండిపోయాను. గొట్టం ఉన్న చోట సుద్దతో గీత గీసి, "బరువంతా ఈడుంది సార్. ఈ గీత వెనక చక్రాల ఇరుసుకి ముందే పడాల" అన్నాడు. షీటు పరిచి, జనరేటరుని ముందుకి మార్చి, బండిని చేతి సైగలతో వెనక్కి రప్పించి, పెట్టె తొట్టి ముందు గోడని తాకేదాకా పోనిచ్చి దించాడు. గీత ఇరుసుకి రెండు వేళ్ళు ముందు పడింది. నేను టేపు తీసి కొలవబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం అర్బాబ్ వచ్చి, నాలుగు మూలలా కట్టిన గొలుసులు లాగి చూసి, ఎవరు కూర్చోబెట్టారని అడిగాడు. "భాయ్. నేను పెట్టింది తప్పు, పొద్దునే తీసేశాం" అన్నాను. అర్బాబ్, భాయ్ వైపు చూశాడు. ఇద్దరూ అరబీలో ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత అర్బాబ్ నా భుజం తట్టి బండెక్కి వెళ్ళిపోయాడు. ఏం చెప్పావు భాయ్, అని అడిగాను. "ఏముంది సార్, బండి మూతి లేసేది సూసి ఈ పిల్లోని మొగం తెల్లబోయింది, వానికి భయం తెలిసింది అని చెప్పినా. ఈన్ని పంపిస్తే ఇంకోడొస్తాడు, వానికి మళ్ళా మొదటి నుంచి భయం నేర్పాల గదా" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. భాయ్ కడప వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సుద్దగీత గీసేది నేనే. పెట్టె గొట్టం మీద నిలబడ్డప్పుడు కొత్త కుర్రాళ్ళు నోరు తెరుస్తారు. నేను మాత్రం ఇరుసూ వేళ్ళూ లెక్క చూసుకుంటూ ఉంటాను, నోరు తెరిచే తీరిక ఉండదు. పసుపు చేతులతో నిలబడి, ఆ వేలి కింద ఇల్లు ఊగడం మొదటిసారి చూసిన ఆ తెలివితక్కువ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది.