అమావాస్య నొప్పి

నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్‌కి నేను వార్డెన్‌గా ఉన్న రోజుల్లో అక్కడ వంట చేసే ఒకామె ఉండేది. ఊరు ఆళ్లగడ్డ. ప్రతి అమావాస్యకూ చేతిలోని గరిటె వదిలేసి, పొత్తికడుపు మీద అరచెయ్యి అదుముకుని గోడకు ఆనుకునేది.

"ఏమైంది?" అని మొదటిసారి కంగారుగా అడిగాను.

"నాకేం కాల్యా మేడమ్. నా బిడ్డకు వచ్చింది."

ఆమె కూతురు ఇల్లు విడిచి వెళ్లి అప్పటికి ఆరేళ్లు. ఉత్తరం లేదు, ఫోను లేదు. కూతురు వెళ్లిన మరుసటి ఏడాదే ఈమెకు గర్భసంచి తీసేశారు. అంతకుముందు తల్లీకూతుళ్లిద్దరూ అమావాస్యకే బయట చేరేవారట.

"ఈ నొప్పి వచ్చినన్ని దినాలూ అది యాడో బతికే ఉండాది మేడమ్," అనేది.

ఒక అమావాస్యకు నొప్పి రాలేదు. పై నెలా రాలేదు. ఆ పిల్ల పోయిందనే అనుకున్నాను. ఆమె మాత్రం నవ్వుతూ నా గదికి వచ్చింది.

"నా బిడ్డకు నెల తప్పింది మేడమ్."



ఏడు నెలల తర్వాత కాన్పుకని సెలవు అడిగింది.

"కూతురు ఎక్కడుందో తెలియకుండా కాన్పేమిటి?" అన్నాను.

"వస్తాది మేడమ్. తొలికాన్పుకు పుట్టింటికి రాక యాడికి పోతాది?" అంటూ, మెత్తటి పాత చీరలు నింపిన సంచితో బస్సెక్కింది.

పదిరోజులైనా రాకపోయేసరికి ఫోన్ చేశాను. ఆమె పలికేలోపే పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"మళ్ల మాట్లాడతా మేడమ్," అంటున్న ఆమె వెనక నుంచి, నేనెన్నడూ వినని ఒక ఆడగొంతు, "అమ్మా, పాపను ఇట్లియ్యి, పాలిస్తా," అంది.