ముఖం చూపించమన్న సీడీల భాయ్

శాలిబండలో సీడీలు కిరాయికిచ్చే భాయ్ మొన్న గురువారం పోయారు. ఆఫీసులో కబురు అందుకుని నేను చేరేసరికే ఖననం అయిపోయింది. ఇంటికొచ్చి, పదహారేళ్ల వయసులో ఆయన దగ్గర పదిసార్లు తెచ్చుకున్న ముసుగు హీరో సినిమా పెట్టుకుని కూర్చున్నాను.

సినిమా ఇప్పటికీ బాగుంది, చెప్పడానికి సిగ్గుపడను. అదే వాన, అదే చీకటి, మేడ మీద నుంచి దూకి దొంగలను చితకబాదే అదే హీరో. కాకపోతే అప్పుడు కొట్టేవాణ్ణి చూశాను, ఇప్పుడు కన్ను కిందపడ్డవాడి మీదికి పోతోంది. ఇది భాయ్ అంటించిన జబ్బు.

ఆయన సీడీని గుండ్రంగా తుడిచేవారు కాదు. మధ్య నుంచి అంచుకు తిన్నగా లాగేవారు. "గుండ్రంగ తుడిస్తే గీతలు పడ్తయ్ బేటా" అనేవారు. సీడీ తిరిగిస్తే కథ చెప్పాలి, చెప్పందే ఇంకోటి ఇచ్చేవారు కాదు. నేను ఊగిపోతూ చెప్పడం అయ్యాక ఒకటే ప్రశ్న వేసేవారు.

"దెబ్బలు తిన్నోని పేరేంది?"

నాకెప్పుడూ తెలిసేది కాదు. "పేరు గుడ తెల్వకుంట గంతగనం కొట్టిండా?" అని నవ్వేవారు.

ఆ ఏడు లాల్‌దర్వాజాలో మా ఇంటి దగ్గర సైకిల్ కనబడకుండా పోయింది. మా గల్లీ మొదట్లో మిర్చిబజ్జీల బండి పెట్టే అన్న మీద నాకు అనుమానం. రుజువేమీ లేదు, ఆయన చూపు నచ్చలేదు, అంతే. ముఖానికి నల్ల రుమాలు కట్టుకుని బండి చక్రాల్లో గాలి తీసి పారిపోయాను. మర్నాడు సైకిల్ ఉప్పుగూడ స్టేషన్‌లో దొరికింది. మా నాన్నే అక్కడ పెట్టి, మరిచిపోయి, బస్సెక్కి ఇంటికొచ్చారట.

అన్నం దిగక, భాయ్‌కి చెప్పేశాను. ఆయన పట్టపగలే దుకాణం షట్టర్ దించారు.

"రుమాల్ గట్టుకోని తప్పు జేసినవ్. ముఖం జూపిచ్చి మాఫీ అడుగు, నడువ్."

"కొడ్తడేమో భాయ్."

"కొట్టనీ. పేరు అడిగే కొడ్తడు."

బజ్జీల అన్న పేరు అడిగాడు గాని కొట్టలేదు, పంపు చేతికిచ్చాడు. నేను చెమటలు కక్కుతూ గాలి కొడుతుంటే భాయ్ ఎదురుగా నిలబడి బజ్జీలు తిన్నారు. పంపు మీద చెయ్యి వేయలేదు. ఆయన నాకు చేసిన పెద్ద సాయం అదేనని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

భాయ్ కోసం చేసే మూడోనాటి ఫాతెహా ప్రార్థనకు వెళ్లాను. దించిన షట్టర్ ముందు కుర్చీలు వేశారు. పక్క కుర్చీలోని తెల్లజుట్టు పెద్దాయన నన్ను కాసేపు చూసి, పేరు పెట్టి పిలిచాడు.

"బండికి గాలి గొట్టినోనివి గదా? ముఖం గట్లనే ఉంది" అన్నాడు బజ్జీల అన్న.

మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. రుమాలు జేబులోనే ఉంది. ముఖం దాచుకోబుద్ధి కాలేదు.